నోరు వచ్చేదాకా

1962 మార్చి పద్దెనిమిది, ఆదివారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కొర్రన్నం, చింతచిగురు పప్పు. కొర్రలు మా ఇంటికి వచ్చిపోయే ముసలి నల్లమ్మ బెళుగుప్ప నుంచి తెచ్చినవే. చిగురు కూడా దారిలో కోసి ఆమె ఒడిలో వేసుకొచ్చిందే. రెండు ముద్దలు తిన్నది. మూడో ముద్ద కలిపి, విస్తట్లోనే వదిలేసి, లేచి వెళ్లిపోయింది.

చెప్పులు కూడా వేసుకోలేదు. ఉరవకొండ ఎండలో, ఆ రాళ్ల దారిలో, వట్టి కాళ్లతో బస్సుదాకా నడిచింది.

నేను అరుగు మీద నిలబడి పిలిచాను. వెనక్కి తిరగలేదు. నా చేతిలో మద్రాసు నుంచి వచ్చిన ప్రూఫు కాగితాలు అలాగే ఉన్నాయి. మా అమ్మాయి రత్నమ్మ రాసిన వ్యాసం అది. కరువు కాలంలో మన మెట్ట పల్లెల్లో జనం ఏమేం తిని బతికారన్నది విషయం. దిద్దడానికి రత్న నాకు పంపింది. అందులో నల్లమ్మ పేరు పడిందని చూసి, ఆమె తింటూ ఉండగా, ఇంగ్లీషు పట్టికను తెలుగు చేసి వినిపించాను. చింతగింజలు, బలుసాకు, బ్రహ్మజెముడు పండ్లు, నక్కగడ్డలు అని చదువుతుంటే నల్లమ్మ తల ఊపుతూనే ఉంది. చిట్టచివరి వరస చదివాను.

“విత్తనం కొర్రలు. వీధివాళ్ల ఉమ్మడి బానలోనివి. చెప్పిన మనిషి నల్లమ్మ, బెళుగుప్ప.”

తల ఊపడం ఆగిపోయింది.

ఆ చెప్పులు నేను తుడిచి గూట్లో పెట్టాను. టైరు ముక్కలతో కుట్టినవి. నా భార్య వరలక్ష్మమ్మ ఉన్న రోజుల్లో నల్లమ్మకు ఇంటి లోపల పడసాలలోనే విస్తరి వేసేది. చుట్టుపక్కలవాళ్లు ఏమన్నా అంటే, చెవి వినపడనట్టు వడ్డించేది. ఆమె పోయాక ఆ విస్తరి వేయడం నా పనయింది. పన్నెండేళ్ల పిల్లగా తల్లిని పోగొట్టుకున్న రత్నకు తల దువ్వడం నల్లమ్మ పనయింది. మా ఇంట నల్లమ్మ తిండి సగంలో వదిలి లేచిన రోజు అంతకు ముందు లేదు.

రత్నకు కార్డు రాశాను. శనివారం మధ్యాహ్నం అనంతపురం బస్సు దిగి వచ్చింది.

అక్కడ కాలేజీలో ఆమె వృక్షశాస్త్రం చెబుతుంది. వస్తూనే గడపలో ఉన్న మంచినీళ్ల బిందె చూసి ఎవరిదని అడిగింది. మా బావి అడుగంటిన సంగతి తెలిసి, పక్కింటి రామక్క రోజూ ఒక బిందె పెట్టి పోతోందని చెప్పాను. రత్న ఒక చెంబు ముంచుకొని తాగింది. ముఖం కడుక్కోలేదు. ఆ నీళ్లతో ముఖం కడగడానికి ఆమెకు మనసొప్పలేదని నాకు తెలుసు.

“నాయనా, నువ్వెందుకు చదివి వినిపించినావు?”

“సంతోషపడుతుందనుకున్నా.”

“అచ్చులో పేరు చూసుకొని సంతోషపడేదానికి అవ్వ ఏమన్నా నీ మాదిరి బీయ్యే చదివిందా?”

నేను ప్రూఫు కాగితాలు ఆమె చేతికిచ్చాను. వాటిని తిరగేస్తూ తానే, “నిన్ననేదానికి లేదులే. రాసింది నేను కదా” అంది.

అప్పుడు చెప్పింది, నాకు అంతవరకూ తెలియని సంగతి.

బెళుగుప్పలో నల్లమ్మ ఉండే వీధిలో ఇప్పటికీ ఒక వాడుక ఉంది. కొర్ర కోతలయ్యాక ఇంటింటివాళ్లూ మంచి గింజ ఏరి, వచ్చే ఏటి విత్తనానికని ఒకే బానలో పోస్తారు. ఇంట్లో ఉంటే ఆకలికి చెయ్యి ఊరుకోదని అందరిదీ ఒకచోట. మూతికి మట్టీ పేడా కలిపి మెత్తుతారు. ఆ తడి మీద ఇంటికొకరు బొటనవేలు నొక్కుతారు. మళ్లీ ఆ వేళ్లవాళ్లందరూ వచ్చి నిలబడితేనే మూత తీయడం. ఆ బాన నల్లమ్మ ఇంట్లో ఉంటుంది. మొగుడు పోయిన మనిషి, పొలం లేని మనిషి. ఆమెకున్న పరువంతా ఆ బానే.

పదేళ్ల కిందటి కరువులో, వీధిలో పెద్దవాళ్లు రోడ్డు కంకర కొట్టే పనికి దూరం వెళ్లినప్పుడు, గంజికేంద్రం మూతపడింది. నల్లమ్మ ఆ మూత పగలగొట్టింది. వీధి పిల్లలందరికీ గంజి కాచి పోసింది. పెద్దలు తిరిగొచ్చాక బానకు పురుగు పట్టిందని చెప్పింది. అందరూ నమ్మారు. ఆ ఏడు ఈరన్న అనే రైతుకు చారెడు విత్తనం కూడా దొరక్క చేను బీడు పెట్టి, బళ్లారి పక్కకు కూలికి పోయాడు. రెండేళ్లకు గాని రాలేదు.

“నేను పోయిన ఏడు సెలవల్లో ఆమె పక్కన కూర్చొని, అప్పుడేం తిన్యారవ్వా అని అడిగినా. అన్నీ చెప్పింది. ఇదీ చెప్పింది. నాకు చెప్పింది నాయనా. కాగితానికి కాదు.”

“ఇంగ్లీషు పత్రిక. బెళుగుప్పలో ఎవరు చదువుతారు?”

“ఈరన్న కొడుకు వెంకటరాముడు నా క్లాసులోనే ఉండాడు. ఆ పత్రిక మా లైబ్రరీకి వస్తుంది. తమ ఊరి పేరు కనపడితే వాడు చదవకుండా ఉంటాడా?”

ఆ గంజి తాగిన పిల్లల్లో వెంకటరాముడు ఒకడని నేను అడగకుండానే అర్థమయింది.

పేరు తీసేస్తే సరిపోదా అన్నాను. ఉమ్మడి బాన అని ఉన్నాక పేరెందుకు, ఊళ్లో అందరికీ ఆ బాన ఎవరింట్లో ఉందో తెలుసు అంది. ఆ వరస ఒక్కటి తీసేయమన్నాను. ఆమె లేచింది. వంటింట్లోకి పోయి పొయ్యి ముట్టించింది. అక్కడినుంచే మాట్లాడింది.

వ్యాసమంతా ఆ వరస కోసమే అంది. మనుషులు ముళ్ల పండ్లు తిన్నారు, గింజల పొట్టు తిన్నారు, విషం తీసిన గడ్డలు తిన్నారు, విత్తనాన్ని మాత్రం చివరిదాకా ముట్టలేదు, ముట్టిన రోజు ఏమయిందో ఇదీ అని చెప్పడానికే రాసిందట. ఆ వరస తీసేస్తే, విత్తనం ఎవరూ తినలేదని రాసినట్టు. అది అబద్ధం.

“ఉంచితే అవ్వకు చేటు. తీస్తే అబద్ధం. ఇంక వెనక్కి తీసుకునేదే.”

అంత మెల్లగా అంది కాబట్టి, ఆ మాట వెనుక ఏముందో నాకు వినపడింది. మద్రాసులో పరిశోధనకు సీటు కావాలంటే అచ్చయిన వ్యాసం ఒకటి చూపాలి. జూన్‌లో ఇంటర్వ్యూ. ఆమె చేతిలో ఉన్నది ఇదొక్కటే. పైగా ప్రూఫులు వచ్చాక వ్యాసం వెనక్కి అడగడమంటే పెళ్లిపీటల మీది నుంచి లేచిపోవడమేనని వాళ్ల ప్రొఫెసర్ గారు ఒకసారి ఎవరినో అన్నారట. మళ్లీ ఆ గుమ్మం తొక్కనివ్వరు.

నేను, తీసుకో అనలేదు. వద్దనీ అనలేదు. రెండింటికీ నాకు నోరు రాలేదు. లాంతరు తుడిచి ఆమె ముందు పెట్టాను.

సంపాదకుడికి రాయడం మొదలుపెట్టింది. కారణం దగ్గర ఆగింది. ఊరికే వెనక్కి ఇవ్వరు, కారణం కావాలి. ‘నా వివరాల్లో పొరపాటు దొరికింది’ అని ఒక కాగితం మీద రాసి నాకు చూపింది.

“పొరపాటు ఉందా?”

“లేదు.”

“లేని పొరపాటు నెత్తిన వేసుకుంటే, రేపు నువ్వు రాసే నిజాన్ని ఎవరు నమ్ముతారు రత్నా?”

ఆ కాగితం పొయ్యిలోకి పోయింది. ఇంకొకటీ పోయింది. భోజనం చేశాం. సంగటి ముద్ద, మధ్యాహ్నం మిగిలిన పప్పు. చెయ్యి కడుక్కొని వచ్చి, ఈసారి ఆగకుండా రాసి, నా ముందు పెట్టింది.

‘ఈ సంగతి చెప్పిన మనిషిని, దీన్ని అచ్చు వేయవచ్చునా అని నేను అడగలేదు. అందుచేత వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.’

“ప్రొఫెసర్ గారు నవ్వుతారు” అన్నాను. “కూలి చేసుకునే ముసలామెను అనుమతి అడిగేదేమిటని.”

“నవ్వనీ. నిజం ఇదే కదా.”

కవరు మూతి అతికించింది. కాని స్టాంపు అంటించి ఊరుకుంది. రేపు బెళుగుప్పకు పోయి, అప్పుడు అడగనిది ఇప్పుడు అడిగి, ఆ తర్వాతే డబ్బాలో వేస్తానంది.

ఆదివారం ఎండ పడకముందే బస్సెక్కాం. దారి పొడుగునా చేలు దున్నక, ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. ఒకచోట ఎవరో రోడ్డు పక్క వేపచెట్టు కింద కుండతో నీళ్లు పెట్టి, దాని మీద తడిగుడ్డ కప్పి పోయారు. డ్రైవరు బస్సాపి తాగాడు. తర్వాత మా అందరినీ తాగమన్నాడు. ఆ కుండ పెట్టిన చేతులు ఎవరివో ఎవరికీ తెలియదు.

బెళుగుప్ప బస్సాగే చోట, టీ బంకు ముందర బల్ల మీద ఈరన్న కూర్చొని ఉన్నాడు. పొడుగాటి మనిషి. నా సంచిలోంచి బయటికి కనపడుతున్న టైరు చెప్పులు చూశాడు.

“ఏమప్పా అయ్యోరూ, ఆడోళ్ల చెప్పులు మోసే పని ఎప్పట్నుంచి?”

“నల్లమ్మవి. మా ఇంట్లో మరచిపోయింది.”

ఈరన్న నవ్వు తగ్గింది. లేచి మా వెంట నడిచాడు. ముందు రత్నను, మావాడు ఎట్ల సదువుతాండాడు టీచరమ్మా అని అడిగాడు. బాగా చదువుతున్నాడని ఆమె చెప్పింది. ఎప్పుడు చూసినా లైబ్రరీలోనే ఉంటానంటాడు, నిజమేనా అన్నాడు. నిజమే అంది రత్న. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు.

వీధి మలుపులో ఆగాడు.

“మా నల్లమ్మత్తకు ఏమయ్యిందో నీకేమన్నా తెలుసునా టీచరమ్మా? బుధవారం నన్ను పిలిచి, బాన నీ ఇంటికి ఎత్తుకపో అనింది. ఎందుకత్తా అంటే పలకదు. నేను ఎత్తనని చెప్పినా. అందరి వేళ్లు పెట్టి ఆడ ఉంచినాము. కారణం లేకుండా నేనొక్కడు ఎత్తుకపోతే ఆమెను దొంగను చేసినట్టు కాదా?”

రత్న కొంగు భుజం మీదికి లాక్కుంది.

“ఆమెనే అడగన్నా.”

“అడిగినా. నీకు చెప్పుంటాదేమో అని.”

“ఆమె చెప్పాలన్నా. నేను కాదు.”

ఈరన్న ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత సరేలే అన్నట్టు తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, తన ఇంటివైపు పోయాడు. నల్లమ్మ ఇంటికి ఎదురిల్లే అతనిది.

నల్లమ్మ చేటలో చెనక్కాయలు వొలుస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయింది. నేను చెప్పులు గడప పక్కన పెట్టాను. ఆమె వాటిని చూసి, పాదాలు చీర కిందికి లాక్కుంది. కాలి బొబ్బలు నేను చూడకూడదని కాబోలు.

మూలన బాన ఉంది. మూతి మీది మట్టి ఎండి, నెరలు విచ్చింది. చుట్టూ వేలి గుంటలు. ఒక గుంట మిగతావాటికన్నా లోతుగా, ఒక పక్కకు వంకరగా ఉంది. ఈరన్న బొటనవేలు బళ్లారి పనిలో విరిగి వంకరగా అతుక్కున్న సంగతి నాకు తెలుసు.

“అచ్చయిపోయిందా పాపా?” అంది నల్లమ్మ. తల ఎత్తలేదు.

“లేదవ్వా. ఆపమని రాసినా. నిన్నడిగి డబ్బాలో వేద్దామని తెచ్చినా.”

“నన్నడిగేదేముంది? నేను చెప్పిందే కదా నువ్వు రాసింది. అబద్ధమేమన్నా రాసినావా?”

“లేదు.”

“మరి?”

రత్న కవరు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నల్లమ్మ ఒక కాయ చిదిపి, గింజలు చేటలో వేసి, పొట్టు పక్కకు ఊదింది. ఇంకొకటి చిదిపింది. చాలా కాయలయ్యాక మాట్లాడింది.

“పిల్లోళ్లంతా ఈ గడపలోనే పడుకోని ఉండ్రి. ఏడ్చేదానికి కూడా లేసేటోళ్లు కాదు. బాన నా వీపెనక ఉండాది. నువ్వైతే ఏం చేసుందువు పాపా?”

“నేనూ తెరిచేదాన్ని.”

“తెరిసినందుకు నాకేం బాధ లేదు. పురుగు పట్టిందని చెప్పినా చూడు, అదీ. ఈరన్న బళ్లారి పోయిన దినం, వాని పెండ్లాం తిమ్మక్క నా తొడ మీద తల పెట్టి ఏడ్చినాది. అప్పుడన్నా చెప్పొచ్చు గదా. నోరు రాలా. ఆ పిల్ల తల నిమురుతా కూచున్యా.”

బయట ఎక్కడో మేక అరిచింది. నల్లమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఏడవలేదు.

“ఈరన్న దాన్ని అచ్చులో చూసి తెలుసుకోకూడదు. కొడుకు సదివి చెప్పగా అసలే వినకూడదు. నా నోటితో చెప్పాల. నాకు నోరు వచ్చేదాకా మీ అచ్చును ఆగమను.”

“అది ఆగేది కాదవ్వా. రావాల, లేకుంటే పోవాల.”

“పోతే నీకేమన్నా నష్టమా?”

రత్న లేదంది. నేను, మద్రాసు సీటు ఈ ఏటికి పోతుందన్నాను. రత్న నా వైపు చురుగ్గా చూసింది. కాని నల్లమ్మకు తెలియకుండా ఆమె పేరు మీద ఇంకొక పని జరగడం నాకు ఇష్టం లేకపోయింది.

నల్లమ్మ చేట పక్కకు పెట్టింది. లేచి, లోపలికి పోయి, జొన్నరొట్టెలూ చెనక్కాయల పచ్చడీ తెచ్చి మా ఇద్దరి ముందూ పెట్టింది. రత్న రొట్టె ముట్టలేదు.

“నువ్వు మా ఇంట్లో సగంలో లేసి వచ్చినావు. నువ్వు తింటేనే నేను తినేది.”

“పెద్ద పంతగత్తెవే. మీయమ్మ మాదిరే.”

ఇంకొక రొట్టె తెచ్చుకొని మా ఎదురుగా కూర్చుంది. ముగ్గురం తిన్నాం. ఆ పూట ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నల్లమ్మ రత్న జడ విప్పి, చమురు రాసి, గట్టిగా అల్లింది. పాతికేళ్లు దాటిన మనిషి, కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, గోడకు చూపు నిలిపి చిన్నపిల్లలా కూర్చుంది. నేను తుంగచాప మీద కాస్త కన్నుమూశాను. లేచేసరికి నా ముఖం మీద ఎండ పడకుండా ఎవరో తడికె జరిపి ఉన్నారు.

పొద్దు వాలాక బయలుదేరాం. నల్లమ్మ చెప్పులు వేసుకొని మాతో పోస్టాఫీసుదాకా వచ్చింది. ఆదివారం కాబట్టి తలుపు మూసి ఉంది. గోడకు ఎర్ర డబ్బా వేలాడుతోంది.

రత్న కవరును డబ్బా నోట్లో పెట్టి ఒక్క క్షణం ఆగింది. వేళ్లు వదిలింది.

“పడిందా?” అంది నల్లమ్మ.

“పడింది.”

“ఇంక తీసేదానికి రాదా?”

“రేపు పొద్దున తాళం తీసేదాకా ఎవరికీ రాదు.”

నల్లమ్మ అరచెయ్యి ఆ డబ్బా మీద ఆనించింది. పగటి వేడి ఇంకా పోయుండదు. అయినా చెయ్యి తీయలేదు. రత్నను చూసింది, నన్ను చూసింది. ఏదో అడగబోయి మానుకుంది. బస్సు తప్పిపోతుంది, పోండి అని మాత్రం చెప్పి, మా కన్నా ముందే వెనుదిరిగింది.

బస్సాగే చోటి నుంచి ఆ వీధి మొదలు, నల్లమ్మ ఇల్లు కనపడుతుంది. టీ బంకువాడు దీపం వెలిగించాడు. మేం బల్ల మీద కూర్చున్నాం. రత్న కొత్తగా అల్లిన జడ కొస వేళ్లతో తిప్పుకుంటోంది.

నల్లమ్మ తన ఇంట్లోకి పోలేదు. ఎదురింటి ముందు నిలబడింది. గాలి మా వైపే వీస్తోంది. మాటలు వినపడ్డాయి.

“ఈరన్నా, ఒకసారి ఇంట్లోకి రా.”

ఈరన్న గడపలోకి వచ్చాడు. “బాన ఎత్తేదానికైతే రాను. ముందే చెప్తాండా.”

“ఎత్తొద్దులే. కూచుందువు రా. తిమ్మక్కనూ పిలువు.”

రత్న లేచి నిలబడింది.

ముగ్గురూ వీధి దాటారు. ముందు నల్లమ్మ, వెనక ఈరన్న, అతని వెనక చెయ్యి తుడుచుకుంటూ తిమ్మక్క. గడప ముందు చెప్పులు విడిచి లోపలికి పోయారు.

“నాయనా” అంది రత్న. నాకు తెలుసు ఆమె దేన్ని తలచుకుంటోందో. అవ్వకు నోరు వచ్చింది. ఒక్క పూట ముందు వచ్చి ఉంటే ఆ కవరు డబ్బాలో పడేది కాదు. కాని ఆ కవరు పడటం చూడకపోతే, ఆ నోరు వచ్చేదా?

ఈ రాత్రికి ఇక్కడే ఉండి, పొద్దున పోస్టుమాస్టరును కవరు వెనక్కి అడిగి చూద్దామా అన్నాను.

“లోపల ఈరన్న ఏమంటాడో తెలీదు కదా” అంది.

ఉరవకొండ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు మమ్మల్ని చూసి, ఎక్కుతారా లేదా అని అడిగాడు. రత్న ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రెండోది నేల మీదే ఉంది. చూపు మాత్రం ఆ వీధిలోనే ఉంది.

నల్లమ్మ ఒక్కసారి బయటికి వచ్చింది. గూట్లో వెలుగుతున్న దీపం తీసుకుంది. గడప ముందు చెల్లాచెదురుగా ఉన్న చెప్పులను కాలితో ఒక పక్కకు జరిపింది. లోపలికి పోయి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.